పాట సరే, పుల్లరి సంగతి?

పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద గొల్లలు కొలిచే లింగమంతుల స్వామి కొలువు. మాఘమాసంలో కేసారం నుంచి దేవరపెట్టె కదిలిందంటే ఇక గుట్ట చుట్టూ నేల ఈనినట్టు జనం. 'ఓ లింగా' అని ఒకరంటే వెయ్యి గొంతులు అందుకుంటాయి. భేరీల మోత, గజ్జెల లాగులు, ఆడవాళ్ల నెత్తిన గంపలు, చంద్రపట్నం, వెంట తోలుకొచ్చిన పొట్టేళ్లు. తెలంగాణలో మేడారం తర్వాత ఇంత పెద్ద జాతర ఇదేనని చెబుతారు. ఇప్పుడు అక్కడ మనిషికో ఫోను, పైన డ్రోన్లు. జాతర ముగిసీ ముగియకముందే వీడియోలు, ఫొటోలు, 'మన సంస్కృతి' అనే శీర్షికలు కుప్పలు పడతాయి.

ఆ కుప్పంతా తిరగేసినా ఒక సంగతి మాత్రం తెలియదు. ఇన్ని వేల కుటుంబాలు తోలుకొచ్చిన ఈ జీవాలు మిగతా రోజులన్నీ ఎక్కడ మేస్తున్నాయి? ఎవరి చేలో పడుకుంటున్నాయి? ఏ చెరువులో నీళ్లు తాగుతున్నాయి? ఏ ఊరివాళ్లు వాటిని తరుముతున్నారు? జాతరలో గంతులేసే మనిషిని మనం చూస్తాం. మర్నాడు అదే మనిషి మంద వెనక నడుస్తుంటే మనకు పట్టదు. రోడ్డు మీద గొర్రెలు అడ్డం వచ్చాయని హారన్ కొట్టి పోతాం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పశుకాపరుల కథలు, పాటలు, జ్ఞాపకాలు నమోదు చేస్తున్నవాళ్లు ఈమధ్య పెరిగారు. తీరిక దొరికినప్పుడల్లా ఫోను, ఒక చిన్న మైకు పట్టుకుని తిరిగేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ పని మంచిదే. అయితే దాని మీద నాకో ఫిర్యాదు ఉంది. గొల్లలు, కురుమలు చెప్పేదంతా మనం 'కళ' అనే మూటలో కట్టేస్తున్నాం. వాళ్లు చెప్పేదాంట్లో సగానికి పైగా నేల గురించి, నీళ్ల గురించి, మేత హక్కు గురించి ఇస్తున్న వాంగ్మూలం. వాంగ్మూలాన్ని పాటగా విని చప్పట్లు కొట్టి లేచిపోతే, చెప్పినవాడికి ఒరిగేదేమీ లేదు.

నమ్మకం కుదరకపోతే కాటమరాజు కథే తీసుకుందాం. గొల్లల ఇళ్ల ముందు మందెచ్చుల వాళ్లు కొయ్యబొమ్మలు వరసగా నిలబెట్టి చెప్పే కథ ఇది. బొమ్మల పెట్టె దించగానే పిల్లలు చుట్టూ చేరతారు. పెద్దవాళ్లు గొంగళ్లు పరుస్తారు. ఇక కథ: కరువొచ్చింది. కనిగిరి సీమలో గడ్డి లేదు. కాటమరాజు ఆలమందలను తోలుకుని నెల్లూరు సీమకు దిగాడు. అక్కడి ఏలిక నల్లసిద్ధి. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది: పచ్చిక వీళ్లు మేపుకోవచ్చు, బదులుగా పుల్లరి, అంటే మేత పన్ను, కట్టాలి, పుట్టిన కోడెదూడలు రాజుకు చెందాలి. తర్వాత కరువు అక్కడికీ వచ్చింది. ఆవులు పైర్ల మీద పడ్డాయి. రాజు మనుషులు ఆవులను చంపారు. కాటమరాజు పుల్లరి కట్టనన్నాడు. పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. కవి తిక్కనకు పెదతండ్రి కొడుకైన ఖడ్గతిక్కన రాజు పక్షాన పోరాడి ఆ యుద్ధంలోనే చనిపోయాడు. ఇదంతా 13వ శతాబ్దపు సంగతి.

వీరగాథ అని బడిలో చదువుకున్నాం. వీరగాథే, కాదనను. కానీ వీరులను కాసేపు పక్కకు పెట్టి వరస చూడండి. కరువు, వలస, మేత ఒప్పందం, పైరు నష్టం, పశువుల మీద దాడి, పన్ను ఎగవేత. మొన్నటి ఎండాకాలంలో ఏ ఊరి పోలీసు ఠాణాలోనైనా గొర్రెలకాపరికీ రైతుకీ జరిగిన పంచాయితీ కాగితం తీసి చూస్తే ఇదే వరస కనిపిస్తుంది, కత్తులొక్కటే ఉండవు. ఏడు వందల ఏళ్లకు పైగా ఒక సమాజం తన పిల్లలకు పూస గుచ్చినట్టు చెప్పుకుంటూ వస్తున్నది పచ్చిక మీద తగవు గురించి. దాన్ని విని మనం బొమ్మల రంగుల గురించి వ్యాసాలు రాస్తాం. మ్యూజియంలో అద్దాల వెనక ఆ బొమ్మలు ఎంత అందంగా ఉంటాయో నాకూ తెలుసు.

ముందుతరం పండితులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బిరుదురాజు రామరాజు 1950లలో ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేయకపోతే ఈ దారే తెరుచుకునేది కాదు. కాటమరాజు కథలను ఊరూరా సేకరించి, పాఠాలు సరిచూసి, 1970లలో అచ్చుకు తెచ్చిన తంగిరాల వెంకటసుబ్బారావు కష్టం సామాన్యమైనది కాదు. వాళ్లకు కావలసింది పాఠం. అది దక్కించి పెట్టారు. అప్పటికి మందలు ఉన్నాయి, మేత ఉంది, దారులు ఉన్నాయి. కళ్ల ముందున్నదాన్ని రాసుకోవాలని ఎవరికి తోస్తుంది? మనకు ఆ సాకు లేదు.

ఈ గడ్డ మీద గొల్లకురుమల మాటకు ఇంకో చరిత్ర కూడా ఉంది. నిజాం కాలంలో దేశ్‌ముఖ్ గడీలో పెళ్లి జరిగినా పండుగ జరిగినా గొర్రెను ఇచ్చుకోవలసింది వీళ్లే. వెట్టిలో అదొక భాగం. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఊరు కడవెండి, అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఆ తెలంగాణ సాయుధపోరాటంలోనే కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని పట్టుకుని గడీల మీదికి తిప్పాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఒకడు అడగడం, ఇంకొకడు చెప్పడం. జనం ఆ రూపాన్ని ఎందుకు నమ్మారు? వినోదంగా ఉందని మాత్రమే కాదు. మంద వెనక ఊరూరా తిరిగేవాడికి అన్ని ఊళ్ల సంగతులూ తెలుస్తాయని అందరికీ తెలుసు. ఎవరి భూమి ఎవరు కలుపుకున్నారో కాపరి కన్నా ముందు పట్వారీకే తెలియాలి. పట్వారీ నోరు మెదపడు.

ఇక దారి సంగతికి వస్తాను.

దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు రాయను. ఇప్పుడు మంద లేదు, మనవడు హైదరాబాదులో ఆటో నడుపుతాడు. మొదటిసారి వెళ్లి మైకు ముందు పెట్టినప్పుడు ఆయన తలపాగా సర్దుకుని, గొంతు సవరించుకుని, "పాట పాడమంటావా, సంగతి చెప్పమంటావా బిడ్డా?" అని అడిగాడు. అంతకుముందు వచ్చినవాళ్లందరూ పాటే అడిగారట. సంగతే చెప్పమన్నాను. గంటసేపు ఒక్క దేవుడి పేరు కూడా రాకుండా చెప్పాడు.

వానాకాలం ఊళ్లో చేలన్నీ పైరు మీద ఉంటాయి. మంద కాలు పెట్టే జాగా ఉండదు. బంచరాయి (ఊరి ఉమ్మడి మేత భూమి), గుట్ట బోడు ఉన్నన్నాళ్లు అక్కడ. చాలకపోతే డిండి వాగు దాటి అచ్చంపేట మీదుగా మన్ననూరు ఘాటెక్కి నల్లమలలోకి. పంటలు కోశాక వెనక్కి తిరిగి సాగర్ ఎడమకాలువ కింద మిర్యాలగూడ వైపు. కోసిన మళ్లలో మంద దిగితే రైతుకు ఎరువు, కాపరికి వడ్లు. రాత్రికి ఇన్ని కుంచాలని ముందే మాట్లాడుకునేవాళ్లు. ఏ రైతు నికార్సుగా కొలిచి ఇచ్చేవాడో, ఎవడు కుంచం మీద వేళ్లు ఆనించి కొలిచేవాడో, పైరు మీద పడ్డ జీవాలను కట్టేసే బందెలదొడ్డి ఏ ఊళ్లో ఉండేదో, అక్కడ జుల్మానా ఎంత కట్టాడో అన్నీ ఆయనకు గుర్తే. చెబుతూ చెబుతూ చేతికర్రతో నేల మీద గీత గీశాడు. గీత పక్కన చిన్న చిన్న గుంటలు. ఏమిటి తాతా అంటే, నీళ్లు. ఒక గుంట మాత్రం కర్ర మొనతో చెరిపేశాడు. ఆ కుంట ఇప్పుడు లేదట, చుట్టూ కడీలు పాతి ప్లాట్లు చేశారట.

ఆ గీత నా ఫోనులో ఫొటోగా ఉంది. రెవెన్యూ నక్షాలో లేదు. నక్షాలో సర్వే నంబర్లు ఉంటాయి, పహాణీలో బంచరాయి, గైరాన్, పోరంబోకు అని ఉంటాయి. ఒక ఊరి బంచరాయి నుంచి ఇంకో ఊరి బంచరాయికి మంద ఎటు నడిచేదో ఏ కాగితంలోనూ కనిపించదు. అది మనిషి నోట్లో ఉంది. ఆ మనిషి పోతే పోతుంది.

ఈ దారి వింటే జిల్లా చరిత్ర వేరేగా కనిపిస్తుంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో పునాదిరాయి పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మన లెక్కలో అది ఆయకట్టు ఎకరాలు, వడ్ల దిగుబడి. కాపరి లెక్కలో మొదట వరం: ఎండాకాలం కూడా పచ్చగా ఉండే మళ్లు. తర్వాత రెండో పంట స్థిరపడి, కోతకు యంత్రాలు వచ్చి, కోసిన వెంటనే నీళ్లు పెట్టి దమ్ము చేయడం మొదలయ్యాక మంద దిగే వ్యవధి కరిగిపోయింది. కాలువ అందని మెట్ట ఊళ్లలో జొన్న పోయి పత్తి వచ్చింది. జొన్న కోస్తే చొప్ప మిగిలేది. పత్తి సంక్రాంతి దాటినా చేలోనే నిలబడి ఉంటుంది, దాని మీద కొట్టిన మందు గొర్రెకు మంచిది కాదు. బత్తాయి తోటలకు ముళ్లకంచె. ఇవన్నీ వ్యవసాయశాఖ నివేదికల్లో వేరువేరు పేజీల్లో ఉంటాయి. ఒకే జీవితంలో ఒకదాని మీద ఒకటి ఎలా పడ్డాయో కాపరి ఒక్కడే చెప్పగలడు.

ఆడవాళ్ల దగ్గరికి పోతే ఇంకో సంగతి. 1980లలో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు సాయుధపోరాటంలో ఉన్న స్త్రీలను వెతికి, కూర్చోబెట్టి, వాళ్ల మాటలోనే రాసుకున్నారు. అప్పటిదాకా ఆ పోరాటం చరిత్రలో ఆడవాళ్లు అన్నం వండిపెట్టినవాళ్లే. పశుకాపరుల విషయంలో మనం ఇంకా అంతకుముందు దశలోనే ఉన్నాం. మైకు పట్టుకుని వెళ్తే ఇంటాయనను కుర్చీలో కూర్చోబెడతారు. ఇంటామె వాకిట్లోనే పని చేసుకుంటూ, ఆయన తప్పు చెప్పినప్పుడల్లా అక్కడినుంచే సరిదిద్దుతుంది. నా రికార్డింగుల్లో పనికొచ్చే మాటలు చాలావరకు అలా దూరం నుంచి, గిన్నెల చప్పుడు మధ్య వినిపించేవే.

నారాయణపేట వైపు ఒక ముసలామె ఉన్ని వడుకుతుంటే పక్కన కూర్చున్నాను. కత్తిరించిన నల్ల ఉన్నిని మొదట ముళ్లు, పేడ ఏరి విదిలిస్తారు. తర్వాత ఏకుతారు. ఏకిన ఉన్నిని ఎడమచేతిలో పట్టుకుని కుడిచేత్తో కదురు తిప్పుతూ దారం లాగుతారు. దారం సాగినకొద్దీ ఆమె చూపు దాని మీద లేదు, గోడ పక్కనున్న కుంటి గొర్రెపిల్ల మీద ఉంది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి ఎండలో ఆరబెడతారు, తర్వాత గుంటమగ్గం మీద నేస్తారు. నేసేది మగవాళ్లు. వడికేది ఆడవాళ్లు. గొంగడికి ధర కట్టేటప్పుడు నేత కూలి లెక్కలోకి వస్తుంది, వడికిన నెలలు రావు. గొంగడి వానకు కొప్పెర, చలికి దుప్పటి, అడవిలో పడక, దారిలో ఈనిన పిల్లను మోసే సంచి. ఇదంతా ఎగ్జిబిషన్లలో బోర్డు మీద రాస్తారు. ఆమె చెప్పినది మాత్రం రాయరు: ఉన్ని కత్తిరించే కూలికి కూడా ఉన్ని డబ్బు రావడం లేదని, కొందరు కత్తిరించి చెత్తకుప్పలో పోస్తున్నారని.

ఎందుకంటే ఉన్ని ఉన్న గొర్రే తగ్గిపోయింది. నల్లటి దక్కనీ గొర్రె బక్కగా ఉన్నా దూరం నడుస్తుంది, కరువుకు తట్టుకుంటుంది. మాంసం బజారుకు బరువు కావాలి కాబట్టి ఎత్తుగా ఉండే, ఉన్ని లేని నెల్లూరు రకం దాని స్థానంలోకి వచ్చింది. 2017లో ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, ధర లక్షా ఇరవై అయిదు వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో కొని తెచ్చారు. గొర్రెలు ఇచ్చారు, గడ్డి ఇవ్వలేదు. ఈ ముక్క నాది కాదు, ఏ గొల్లవాడను అడిగినా చెప్పేదే. పథకం రాసేముందు ఎవరైనా ఆ వాంగ్మూలాలు విని ఉంటే, ఊరికి ఎన్ని గొర్రెలని కాకుండా ఊరికి ఎంత బంచరాయి మిగిలిందని మొదట అడిగేవాళ్లు.

నల్లమల తూర్పు పశువుల విషయమూ ఇంతే. అమ్రాబాద్ గుట్టల్లో ముఖ్యంగా లంబాడీలు పెంచే, తెలుపు మీద గోధుమరంగు పొడలున్న ఆ పశువుకు 'పొడ తూర్పు' పేరుతో 2020లో జాతీయస్థాయి జాతి గుర్తింపు వచ్చింది. సంతోషమే. కొమ్ము, రంగు, ఎత్తు, పాలు అన్నీ కొలిచి రాశారు. ఆ పశువును అలా తయారుచేసిన అడవి నడక మాత్రం ఏ గుర్తింపులోకీ రాలేదు. 1983లో అక్కడ పులుల అభయారణ్యం ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక ఇటువైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. జాతికి సర్టిఫికెట్, మందకు జరిమానా.

నేను వాంగ్మూలం అన్నది ఊరికే అనలేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షన్ మేత హక్కును గుర్తిస్తుంది. స్థిరంగా మేపుకునేవాళ్లదే కాదు, కాలానుగుణంగా వలస వచ్చేవాళ్లదీ. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో పదమూడోది ఏవి సాక్ష్యాలో చెబుతుంది. అందులో హక్కుదారులు కాని ఊరి పెద్దల మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. సంచార పశుపాలకులు పెట్టుకున్న దరఖాస్తును వాళ్లు ఊళ్లో ఉన్నప్పుడే విచారించాలని ఇంకో నిబంధన. అంటే ఆ దేవరకొండ పెద్దాయన చెప్పిన డిండి దారి కళ కోసం ఇచ్చిన ఇంటర్వ్యూ కానక్కరలేదు, కాగితం కావచ్చు. అడ్డంకులు లేవని అనను. గొల్లకురుమలు ఎస్టీలు కారు కాబట్టి మూడు తరాలు, 75 ఏళ్లు అడవి మీద ఆధారపడి, అడవిలో నివాసమున్నట్టు చూపాలి. ఊరు మైదానంలో, మేత అడవిలో ఉన్నవాడికి ఆ నివాసం షరతు గొంతులో వెలక్కాయే. అయినా నోటిమాటకు ఇంత చోటున్న చట్టం మనకు ఎక్కువ లేదు. ఆ మాటను కాగితంగా మార్చే ఓపిక ఉన్నవాళ్లు ఇంకా తక్కువ.

దీనికి ఎదురు వాదన నాకు గట్టిగా చెప్పింది ఒక కురుమ యువకుడే. "మీరు దారులన్నీ రాసి బయటపెడితే మొదట చదివేది ఫారెస్టు వాళ్లు" అన్నాడు. నిజం. నిరుడు ఎవరు ఎక్కడ అడవిలోకి దిగారో రికార్డు చేసి నెట్‌లో పెట్టడం, వాళ్ల పేర్లతో చలానా రాసి పెట్టడం ఒకటే. పాట బయటపెడితే ఎవరికీ నష్టం లేదు. దారి బయటపెడితే ఉంది. కాబట్టి దారిని నమోదు చేయమంటున్నానే గానీ ప్రచురించమనడం లేదు. ఏది తమ దగ్గరే ఉంచుకోవాలో, ఏది ఊరికి చెప్పాలో, ఏది లోకానికి ఇవ్వాలో చెప్పినవాళ్లు తేల్చాలి. రికార్డింగు చేసిన మర్నాడే యూట్యూబులో పెట్టే ఉబలాటం ఉన్నవాళ్లు ఈ పనికి పనికిరారు.

ఇంకో గొడవ కులసంఘాల పెద్దలతో. కొందరికి ద్వారక నుంచి, శ్రీకృష్ణుడి నుంచి మొదలయ్యే కథ ఒక్కటే కావాలి. బందెలదొడ్డిలో జుల్మానా కట్టిన తాత కథ పరువు తక్కువగా అనిపిస్తుంది. వాళ్ల గౌరవం వాళ్లది, నేను తగువుపడను. కానీ కృష్ణుడి కథ ఎక్కడికీ పోదు, అచ్చులో ఉంది. కుంచం మీద వేళ్లు ఆనించిన రైతు కథ అచ్చులో లేదు.

ఇంకొక్క మాట చెప్పాలి, పద్ధతి గురించి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే దారి రాదు. మందతో నడవాలి. నడుస్తున్నప్పుడు కాపరి మనతో మాట్లాడేది తక్కువ, జీవాలతో మాట్లాడేది ఎక్కువ. నాలుకను అంగిలికి కొట్టి చేసే చప్పుడు ఒకటి, పెదవులు ఆడించి చేసేది ఒకటి, నీళ్ల దగ్గర వేసే సన్నని ఈల ఒకటి. వేటికీ తెలుగులో అక్షరాలు లేవు. మంద వాటికి తల తిప్పుతుంది, ఆగుతుంది, నీళ్లలోకి దిగుతుంది. ఎడిట్ చేసేటప్పుడు 'మధ్యలో చప్పుళ్లు' అని మొదట కోసేసేది వీటినే. దయచేసి కోయకండి. కృష్ణానది ఒడ్డు గాలి హోరుతో సహా ఉంచేయండి.

దేవరకొండ పెద్దాయన చెప్పినదంతా రాసి, ఇంట్లో అందరి ముందు చదివి వినిపించి, ఆయన తీసేయమన్న రెండు సంగతులు తీసేసి, వేలిముద్ర వేయించాం. ఒక ప్రతి వాళ్లింటి ట్రంకుపెట్టెలో పట్టా పుస్తకాల పక్కన ఉంది. ఇంకొకటి నా దగ్గర. మూడోది గ్రామసభలో ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఇద్దామంటాడు పెద్ద కొడుకు. ఆ పూడిన కుంటలో ఎవరెవరి ప్లాట్లు ఉన్నాయో ముందు చూసుకొమ్మంటాడు చిన్నవాడు.